కంప్యూటర్ చెప్పిన జవాబును పిల్లలు సరిచూసుకుంటున్నారా?



"కంప్యూటరే లెక్క కట్టింది, తప్పెలా అవుతుంది?" ప్రాజెక్టులు చేసే పిల్లలు తరచూ అనే మాట ఇది. మనమూ సరేనని ఊరుకుంటాం. డేటా సైన్స్ మీద ఆసక్తి ఉన్న పిల్లలు నేర్చుకునే 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాషలోంచి మూడు ఉదాహరణలు చూడండి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలినాళ్లలో గణాంకాల కోసం దీన్ని తయారు చేశారు. ఇది ఉచితంగా దొరుకుతుంది.

1. సగటు

మూడు పరీక్షల్లో మార్కులు 60, 80, 100. సగటు 80 అని చిన్న తరగతి పిల్లలూ చెప్పగలరు. ఆర్‌లో సగటు కట్టే ఫంక్షన్ పేరు 'మీన్'. దాని బ్రాకెట్లో ఈ మూడు సంఖ్యలను కామాలు పెట్టి రాస్తే జవాబు 60 వస్తుంది! ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. మీన్ మొదటి సంఖ్యనే డేటాగా తీసుకుంటుంది, మిగతావాటిని లెక్క ఎలా చేయాలో చెప్పే సూచనలుగా భావిస్తుంది. కూడికకు వాడే 'సమ్' మాత్రం అలాగే రాసినా 240 అని సరిగ్గా చెబుతుంది. పిల్లలు పొరబడేది ఇక్కడే. సంఖ్యలను ముందు 'సి' అనే ఫంక్షన్‌తో ఒకే వరుసగా చేర్చి మీన్‌కు ఇస్తే 80 వస్తుంది.

2. దగ్గరి పూర్ణాంకం

బడిలో 2.5ను 3గా రాస్తాం. ఆర్‌లోని 'రౌండ్' 2 అంటుంది. 3.5కు మాత్రం 4 ఇస్తుంది. సరిగ్గా సగం ఉన్నప్పుడు సరిసంఖ్య వైపు వెళ్లడం దాని నియమం. ఇది పొరపాటు కాదు. 0.5, 1.5, 2.5, 3.5 కలిపితే 8. బడి పద్ధతిలో మార్చి కలిపితే 10 అవుతుంది, ఆర్ పద్ధతిలో 8 గానే ఉంటుంది. అయితే పాస్ మార్కుల దగ్గర ఏ పద్ధతి వాడామన్నది ఒక విద్యార్థి ఫలితాన్నే మార్చేయవచ్చు.

3. చీటీ తీయడం

క్విజ్‌కు 8, 15, 23 రోల్ నంబర్లలోంచి ఒకరిని ఎంచమంటే 'శాంపిల్' చీటీ తీసినట్టు ఒకటి తీస్తుంది. ఇద్దరి వంతు అయిపోయి 23 ఒక్కటే మిగిలిందనుకోండి. అప్పుడది 1 నుంచి 23 వరకు ఏదో ఒక నంబర్ ఇస్తుంది. జాబితాలో లేని విద్యార్థిని పిలిచే ప్రమాదం ఉంది. ఒక్కరే మిగిలితే చీటీ తీయకుండా ఆ నంబర్‌నే తీసుకోమని ప్రోగ్రామ్‌లో ముందే రాయాలి.

ఇంట్లో మీరు అడగవలసినవి

మీకు ప్రోగ్రామింగ్ రాకపోయినా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు:

• కంప్యూటర్‌ను అడిగే ముందు నీ అంచనా ఎంత?
• జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో పరీక్షించావా?
• జాబితాలో ఒక్కటే ఉంటే ఏమవుతుందో చూశావా?

ఆర్‌లో ఫంక్షన్ పేరుకు ముందు ప్రశ్నార్థకం గుర్తు పెడితే దాని నియమాలున్న సహాయ పేజీ తెరుచుకుంటుంది. అది చదివే అలవాటు చేయించండి. కంప్యూటర్ మనం టైప్ చేసినదానికే జవాబిస్తుంది, మన మనసులో ఉన్నదానికి కాదు. తేడాను పట్టుకోవడానికి పిల్లలకు నోటి లెక్క ఇప్పటికీ అవసరమే.