పరుగు – తల్లిదండ్రుల ఆరోగ్యము

ఆరోగ్యమే మహాభాగ్యమని బాల్యము నుండి వల్లె వేయుదుము. ఆ భాగ్యము చేజారనున్నప్పుడు గాని దాని విలువ తెలియదు. రెండేండ్ల క్రితము ఒకనాటి సాయంకాలము, నల్లగండ్లలోని మా ఇంటికి మెట్లెక్కి పోవలసి వచ్చినది. ఆరేండ్ల మా అమ్మాయి ముందుగా పైకి చేరి, నడిమెట్టుపై కూలబడిన నన్ను చూచి, "అబ్బా, మీకేమైంది?" అని భయముతో అడిగినది. అప్పటి నా బరువు 80 కిలోలు. అరువది నిండకుండగనే మా తండ్రిగారిని మధుమేహము కబళించినది. ఆ పసిదాని ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

నల్లగండ్ల ఒకప్పుడు చెరువు, పొలములు గల పల్లె. దాపుననే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము వెలసినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతము క్రమముగా మేడలతో నిండినది. కుర్చీలో కూర్చుండి చేయు పని పెరిగినది, దేహశ్రమ తగ్గినది, ఆహారము మాత్రము తగ్గలేదు. దేశములో మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడిరని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో తెల్పినది. మనవారికి కొవ్వు బొజ్జలో చేరుట ఎక్కువ. కావున పురుషులకు నడుము 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త పడవలెను.

పరుగుతో బరువు ఇట్టే కరుగునా? లెక్క చూతము. 80 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తిన సుమారు 400 కేలరీలు వ్యయమగును. కిలో కొవ్వు కరుగుటకు దాదాపు 7,700 కావలెను. అనగా పందొమ్మిది పరుగులు! ఒక్క పళ్ళెము బిర్యానీ ఒక పరుగు ఫలమును హరింపగలదు. కావున పళ్ళెమును తగ్గింపక పరుగును మాత్రమే నమ్ముట పొరపాటు. అయినను పరుగు వ్యర్థము కాదు. అది గుండెకు బలమిచ్చును, కండరములు రక్తములోని చక్కెరను చక్కగా వినియోగించునట్లు చేయును, నిద్ర పట్టించును.

ప్రారంభమున ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక. ఇట్లు అరగంట, వారమునకు మూడు దినములు చాలును. పరుగెత్తుచు మాటాడగలిగినంత వేగమే మేలు. దూరమును మెల్లమెల్లగా పెంచవలెను.

ఒక హెచ్చరిక. అమెరికా రచయిత జిమ్ ఫిక్స్ 35వ ఏట పరుగు మొదలిడి, పొగత్రాగుట మాని, బరువు తగ్గి, 1977లో పరుగును గూర్చి గ్రంథము వెలువరించి ప్రసిద్ధుడయ్యెను. 1984లో, 52వ ఏట, పరుగు దినచర్యలోనే గుండెపోటుతో మరణించెను. ఆయన తండ్రియు 43వ ఏటనే గుండెజబ్బుతో పోయెను. వంశములో ఇట్టి వ్యాధి ఉన్నవారు, ఛాతీలో నొప్పి కలుగువారు ముందుగా వైద్యుని చూడవలెను.

పిల్లలు గలవారికి అసలు చిక్కు సమయము. తండ్రి పరుగెత్తుట, తల్లి టిఫిను కట్టుట న్యాయము కాదు. మా ఇంట చెరి మూడు ఉదయములు పంచుకొంటిమి. ఒకరు బయటికి పోగా, మరొకరు పిల్లను బడికి సిద్ధము చేయుదురు. ఏడాదిన్నరలో నా బరువు 73 కిలోలకు దిగినది. ఆదివారము ముగ్గురము చెరువు వైపు పోవుదుము.

విద్యార్థులారా! మీ చదువుల కొరకు శ్రమించుచు తమ దేహములను మరచిన తల్లిదండ్రులు మీ ఇండ్లలో ఉన్నారు. రేపటి ఉదయము వారి చేయి పట్టుకొని వీధిలోనికి నడిపింపుడు. ఆపై పరుగు దానంతట అదే వచ్చును.