సమాధి రాయి ఎందుకు?

ఇంటి పెద్ద కన్నుమూసిన కొన్నాళ్ళకే ఆ ఇంట్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది. కబరుపై ఏ రాయి పెట్టించాలి? పాలరాయా, నల్లరాయా? నలుగురూ ఏమనుకుంటారు? కాని అసలు ఆ రాయి ఎందుకన్నది మనం ముందుగా ఆలోచించాలి.

జన్నతుల్ బఖీలో ఖననమైన తొలి ముహాజిర్ హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి). ఆయన్ని ఖననం చేశాక దైవప్రవక్త (స) ఒక రాయి తెమ్మని ఒకతనికి చెప్పారు. అతను దాన్ని ఎత్తలేకపోయాడు. అప్పుడు ప్రవక్త (స) స్వయంగా చేతులు పైకి మడిచి, ఆ రాయిని మోసుకొచ్చి తలవైపున ఉంచారు. తన సోదరుని కబరును గుర్తుపట్టడానికి, తన కుటుంబంలో మరణించేవారిని అక్కడే ఖననం చేయడానికి అలా చేశానని తెలిపారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. అంటే రాయి గుర్తు కోసమే, గొప్ప కోసం కాదు.

కబరుకు గచ్చు పూయడాన్ని, దానిపై కూర్చోవడాన్ని, కట్టడం కట్టడాన్ని ప్రవక్త (స) వారించారని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా సహీహ్ ముస్లింలో ఉంది. తిర్మిజీలో రాతలను కూడా వారించినట్లుంది. అయితే గుర్తు చెరిగిపోతుందనుకున్న చోట అవసరం మేరకు రాసుకోవచ్చని కొందరు హనఫీ పండితులు అభిప్రాయపడ్డారు.

ఈజిప్టులో దొరికిన ఒక సమాధి రాయిపై హిజ్రీ 31 (క్రీ.శ. 652) అని ఉంది. అందులో మృతుని పేరు, అతని మన్నింపు కోసం వేడుకోలు ఉన్నాయి. చదివినవారు కూడా అతని కోసం దుఆ చేయాలన్న అభ్యర్థన ఉంది. బిరుదులు లేవు. తర్వాతి కాలంలో రాళ్ళు ఖరీదయ్యాయి. గుజరాత్‌లోని ఖంబాత్‌లో చెక్కిన పాలరాళ్ళు సముద్రం దాటి సుమత్రా, జావాలకు చేరాయి. మన గోల్కొండలో కుతుబ్‌షాహీ రాజుల సమాధులపై నునుపైన నల్లరాళ్ళు నేటికీ కనిపిస్తాయి. మరోవైపు, 1681లో మరణించిన షాజహాన్ కూతురు జహానారా బేగం కబరును ఢిల్లీలో చూడండి. చుట్టూ పాలరాయి ఉన్నా, పైన ఉన్నది మట్టీ గడ్డీ మాత్రమే.

సోదర సోదరీమణులారా! మృతుడు వదిలిన సొమ్ములోంచి ఖననం ఖర్చు పోగా ముందుగా తీర్చాల్సింది అప్పులు. ఆ తర్వాతే వసియ్యత్, వారసత్వం. అప్పు మిగిల్చి పోయిన ఒకరి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనదన్న తర్వాతే చేయించారు. అలాంటప్పుడు తండ్రి అప్పు తీర్చకుండా పాలరాయి కొనడం ఆయనకు మేలు చేయడమవుతుందా? అనాథలైన పసిపిల్లల వాటాలోంచి రాయి కొనడానికి మనకు హక్కెక్కడిది?

తలవైపున ఒక మామూలు రాయి చాలు. మిగిలిన డబ్బుతో అప్పు తీర్చండి. కబరు దగ్గరికి వెళ్ళి సలాం చెప్పి, మన్నింపు కోసం దుఆ చేయండి. ఆయన ఎదురుచూసేది దానికే.