తేనె సీసాలకు చెక్క స్టాండు

ప్రశ్న: మా కాఫీ తోటలో గాలికి పడిన సిల్వర్ ఓక్ చెట్టును పలకలు కోయించాం. పట్నంలో వైన్ సీసాలకు ఉండే స్టాండు లాంటిది తేనె సీసాల కోసం ఇంట్లోనే చేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, పెదబయలు

జవాబు: చేసుకోవచ్చు. కానీ ఆ నమూనా వద్దు. వైన్ సీసాను పడుకోబెట్టేది బెండు బిరడా ఎండిపోకూడదని. మీ తేనె సీసాకు మరమూత ఉంటుంది. పడుకోబెడితే కారుతుంది, చీమలు పడతాయి. నిలబెట్టే అరలే చేయండి.

అసలు పని ఆరబెట్టడం. సిల్వర్ ఓక్ పచ్చిమీద మేకు కొడితే తర్వాత మెలి తిరుగుతుంది. పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి, నీడలో పేర్చి, పైన బండరాళ్లు పెట్టండి. అంగుళం మందం పలకకు ఏడాది పట్టొచ్చు. మీ మన్యం మంచులో తొందరపడితే లాభం లేదు.

లీటరు తేనె సుమారు 1.4 కిలోలు. పది సీసాలంటే గాజు కాక 14 కిలోలు! అందుకే అర పొడవు రెండున్నర అడుగులు దాటనివ్వకండి. పక్క పలకల్లో పావంగుళం లోతు గాడి ఉలితో తీసి, అరను అందులో కూర్చోబెట్టండి. బరువంతా స్క్రూల మీద పడదు. చిత్రిక పట్టాక అవిసె నూనె రాయండి. చెదలకని పాత ఇంజనాయిలు పూస్తారు కొందరు. తినే వస్తువు దగ్గర ఆ కంపు దేనికి? కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టి, నేల తేమ తగలకుండా చూడండి. పొయ్యికీ ఎండకూ దూరంగా ఉంచి, పిల్లలు లాగితే పడకుండా గోడకు బిగించండి.