నర్తకుని పాదము

నాట్యమును చూచువారి దృష్టి నర్తకుని ముఖముమీదను చేతులమీదను నిలుచును. పాదమును గమనించువారు అరుదు. గజ్జెల సవ్వడి చెవికి ఇంపుగా వినబడుచున్నంతవఱకు దానిని గూర్చి ఎవరికిని చింత యుండదు. కాని దేహభారమునంతను మోయుచు, తాళము తప్పక నేలను తాకుచు, ఎగిరిన ప్రతిసారియు నేలదెబ్బను మొట్టమొదట భరించునది ఆ పాదమే. ఇరువదియాఱు ఎముకల కూర్పైన ఆ చిన్న యంత్రము చెడిననాడు ఎంతటి విద్య యున్నను రంగస్థలము దూరమగును.

కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామమున ఈ సంగతి తరతరములుగా ఎఱిగినదే. అచ్చటి భాగవతులు ఊరూర ఆలయముల యెదుట రాత్రివేళ ప్రదర్శనము లిచ్చెడివారు. సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధి కెక్కిన భామాకలాపము వంటివి తెల్లవారువఱకు సాగెడివి. పాత్రధారి ఆడుట మాత్రమే చాలదు. తానే పాడవలెను, తానే సంభాషణము పలుకవలెను. అది ఎంతటి కష్టమో, పది గెంతులు గెంతి వెంటనే ఒక పద్యమును రాగయుక్తముగా చదువ యత్నించిన విద్యార్థికి తెలియగలదు. సత్యభామ పాత్రకు పేరుగాంచి 1970లో పద్మశ్రీ నందుకొన్న వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) వంటి నటులు దశాబ్దములపాటు ఆ శ్రమకు ఓర్చిరి. ఊపిరికిని, గుండెకును, కాళ్లకును కావలసిన దార్ఢ్యమును బట్టి చూచినచో సుదూరము పరుగెత్తు వీరునికిని రాత్రియెల్ల ఆడు నర్తకునికిని భేదము స్వల్పము.

ఆ దార్ఢ్యము ఒక్క దినమున వచ్చునది కాదు. కూచిపూడి గురువులు శిష్యునిచేత ఏ అడుగునైనను మొదటి కాలమున, అనగా మెల్లగా, ముందు వేయింతురు. అది కుదురుకొనిన పిమ్మట రెండవ కాలము, అటుపై మూడవ కాలము. తొందరపడి మూడవ కాలమును అడుగు పిల్లవానికి గురువు కోపము తప్ప మఱేమియు దొరకదు. తాళము చెడునని గురువు అట్లు చేయును గాని, శరీరశాస్త్రము చూపు కారణము వేఱొకటి కలదు.

ఎముక రాయి వంటిది కాదు, జీవము కలది. పరుగువలనను గెంతులవలనను దానియందు కంటికి కానరాని సూక్ష్మమైన పగుళ్లు కలుగును. శరీరము ఆ చెడిన భాగమును మొదట కరిగించి తొలగించును; ఆ తరువాత క్రొత్త ఎముకను కట్టును. పాత గోడను పడగొట్టి క్రొత్తది లేపు మేస్త్రీ పని వంటిదే ఇదియు. కూల్చుట కొలది వారములలో ముగియును, కట్టుటకు మాసములు పట్టును. నడుమ నున్న కాలమున ఎముక మునుపటికంటె బలహీనముగా నుండును. సరిగా ఆ సమయముననే శ్రమను రెట్టించినవాని ఎముక చిట్లును. చిక్కేమనగా, కండలును ఊపిరియు త్వరగా బలపడును. ఎముకలును, కండను ఎముకకు కట్టు నరములవంటి స్నాయువులును ఆలస్యముగా బలపడును. అందుచే క్రొత్తగా సాధన మొదలుపెట్టినవానికి నెల దాటునప్పటికి ఎక్కడలేని హుషారు పుట్టును. ఆ హుషారును నమ్ముకొన్నవారే ఎక్కువగా గాయపడుదురు.

ఇది తొలుత తెలియవచ్చినది ఆటగాండ్రవలన కాదు, సైనికులవలన. 1855లో బ్రైట్‌హౌప్ట్ అను ప్రష్యా దేశపు సైనిక వైద్యుడు దీర్ఘమైన కవాతులు చేసిన సిపాయిల పాదములు వాచి నొప్పిపెట్టుటను వర్ణించెను. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది 1895లో గాని కనుగొనబడలేదు. ఆ కిరణములు వచ్చిన పిమ్మట గదా ఆ వాపునకు మూలము పాదపుటెముకల చిట్లుటయని స్పష్టపడినది!

ఇపుడొక బాలికను ఊహించుకొందము. ఆమెకు పదుమూడేండ్లు. శివరాత్రినాడు ప్రదర్శన మున్నది. దినమునకు ఒక గంట సాధన చేయునది మూడు గంటలు చేయసాగినది. మోకాలి దిగువ ముందువైపు ఎముకయందు ఒక చోట నొప్పి తోచినది. గురువునకు చెప్పిన పాత్ర మఱొకరికి పోవునేమో యని ఆమె చెప్పలేదు. ఇట్టి పిల్లలు ప్రతి ఊరనుందురు. వారి మౌనమును ధైర్యమని మెచ్చుకొను పెద్దలును ఉందురు, అదియే విచారకరము.

అన్ని నొప్పులును ఒకటి కావు. సాధనవలన కలుగు కండల నొప్పి తొడనంతను పట్టును, రెండు మూడు దినములలో తానే పోవును. ఎముక నొప్పి అట్టిది కాదు. వ్రేలితో నొక్కి ఇదిగో ఇక్కడ అని చూపదగినట్లుండును. మొదట సాధన ముగియునప్పుడు తోచును, కొన్నాళ్లకు మధ్యలోనే తోచును, తుదకు మొదటి అడుగుననే పీడించును, రాత్రి పడుకొన్నను విడువదు. వైద్యుని యొద్దకు పోయినను, తొలి రెండు మూడు వారములలో ఎక్స్‌రేలో ఏమియు కానరాకపోవచ్చును. కానరానంత మాత్రమున ఏమియు లేదని కాదు. ఆ దశయందే ఆపినచో చాలవఱకు కొన్ని వారముల విశ్రాంతితో ఎముక అతుకుకొనును. ఆపనిచో చిట్లినది విఱుగును.

నొప్పితో పరుగెత్తిన మహావీరుని కథ యొకటి కలదు. ఇథియోపియా దేశస్థుడగు అబెబె బికిలా 1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో 42 కిలోమీటర్లకు పైగా నుండు మారథాన్ పరుగును వట్టి పాదములతో పరుగెత్తి గెలిచెను. 1964లో టోక్యోలో, ఉండుకము వాచి శస్త్రచికిత్స జరిగి రెండు మాసములైనను నిండకమునుపే, ఈసారి బూట్లు తొడిగి మరల గెలిచెను. రెండు ఒలింపిక్కులలో వరుసగా మారథాన్ గెలిచిన మొదటివాడు అతడే. 1968లో మెక్సికో నగరమున కాలియెముక గాయముతోనే బరిలోనికి దిగెను. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి ఆగిపోయెను. అతని దేశస్థుడే మామో వోల్డె ఆ దినమున గెలిచెను. అంతటి మనోబలము గలవాని సంకల్పమునకును ఎముక లొంగలేదు.

గాయపడినవాడు కోలుకొను విధము కూడ నేర్వదగిన విద్యయే. మంచము పట్టి పడియుండుట విశ్రాంతి యనుకొందురు. కదలని కాలియొక్క తొడకండ రెండు మూడు వారములలోనే కంటికి తెలియునంతగా సన్నగిల్లును. కావున గాయపడిన భాగమును కాపాడుచు తక్కిన దేహమునకు పని చెప్పవలెను. వైద్యుడు అనుమతించిన వెంటనే కాలికి కొద్దికొద్దిగా భారము నేర్పవలెను. చీలమండ బెణికినవానికి వాపు తగ్గిన తరువాత కూడ ఒక లోపము మిగులును: కాలు ఏ వాలున నున్నదో మెదడునకు తెలుపు నాడులు మందగించియుండును. అందుచే అతడు మరల మరల అదే కాలు బెణికించుకొనును. దీనికి మందు లేదు, అభ్యాసమే. గోడ చెంత ఒంటికాలిమీద నిలుచుట, అది వచ్చిన పిదప కన్నులు మూసి నిలుచుట. తరంగమున పళ్లెపు అంచుమీద నిలిచి ఆడు కూచిపూడి నర్తకునకు ఈ సమతౌల్యమే ప్రాణము. కాని గాయము తరువాత పళ్లెము అన్నిటికంటె కడపట రావలసినది.

నాగండ్ల గ్రామమున 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో బ్యాడ్మింటన్ ఆడుచు మోకాలి బంధకమును తెంచుకొనెను. మోకాలికి శస్త్రచికిత్సలు జరిగినవి. ఆటకు స్వస్తి చెప్పినను ఎవరును తప్పుపట్టి యుండరు. ఏడేండ్లకు, 2001లో, చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పడుకోణె తరువాత ఆ గౌరవము నందుకొన్న భారతీయుడు అతడే. ఆ ఏడేండ్ల దూరమును వార్తాపత్రికలు ఒక్క వాక్యమున ముగించినవి. ఆ కాలమును అనుభవించినవానికి అది ఒక్క వాక్యము కాదు.

సుధాచంద్రన్ కథ ఇంకను కఠినమైనది. ఆమె భరతనాట్యము నేర్చిన బాలిక. 1981లో తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదమున ఆమె కాలు గాయపడెను. పైకి చిన్నదిగా కనబడిన గాయముమీద పిండికట్టు వేయబడుటచే లోపల కుళ్లు పుట్టి, మోకాలి దిగువ కాలు తీసివేయవలసి వచ్చెను. కట్టు వేసిన పిమ్మట వ్రేళ్లు నీలివన్నెకు తిరిగినను, చల్లబడినను, స్పర్శ తప్పినను, నొప్పి తగ్గుటకు మారుగా హెచ్చినను రాత్రియైనను ఆగక వైద్యునికి చూపవలసినది ఇందుకే. నాటు కట్టైనను ఆసుపత్రి కట్టైనను ఇందులో తేడా లేదు. 1968 ప్రాంతమున జయపురమున రామచంద్రశర్మ అను శిల్పియు, సేఠీ అను వైద్యుడును కలిసి రబ్బరుతో ఒక కృత్రిమపాదమును రూపొందించియుండిరి. పాశ్చాత్య పాదములకు బూటు కావలెను. దీనితో చెప్పులు లేకయే నడువవచ్చును, పొలము గట్టున పోవచ్చును, నేలపై గొంతుకూర్చుండవచ్చును. ఆ పాదముతో ఆమె అడుగులు మొదటినుండి నేర్చుకొనెను. 1984లో మరల రంగమెక్కెను. ఆమె జీవితమే ఆధారముగా తెలుగున వచ్చిన ‘మయూరి’ చలనచిత్రమున ఆమెయే నాయిక.

శిక్షణ నిచ్చువారు మఱచు విషయములు కొన్ని మిగిలినవి. పూర్వము భాగవతులు ఆడిన మట్టినేల కొంత లొంగెడిది. నేటి సిమెంటు నేల, నున్నని బండలు లొంగవు. నేల మారినప్పుడు సాధనకాలమును తగ్గించుట న్యాయము. వారమున కనీసము ఒక దినము గజ్జెలకు సెలవీయవలెను. ఎదుగు పిల్లలకు నిద్ర ఎనిమిది గంటలకు తక్కువ కారాదు, ఎముక మరమ్మతు విశ్రాంతివేళనే సాగును. రాగిసంకటి, పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు తినక, సన్నముగా కనబడవలెనని ఒక పూట మానుకొను బాలికల ఎముకలు పలుచబడును. ఇది ఆడువారికే కాదు, తేలికగా పరుగెత్తవలెనని తిండి తగ్గించు బాలురకును జరుగును.

మన బాలిక తుదకు గురువునకు చెప్పినది. శివరాత్రి పాత్ర మఱొకరికే పోయినది. ఆమె భయపడినట్లే అయినది. ఆమె ఏడ్చినది. మఱునాటినుండి గురువు ఆమెను తన ప్రక్కన కూర్చుండబెట్టి, తక్కినవారు ఆడుచుండగా జతులు చెప్పుచు తాళము వేయమనెను. ఎనిమిది వారములు గడచినవి. వైద్యుడు సరేయనిన దినమున ఆమె గజ్జెలు చేతబట్టుకొని వచ్చినది. గురువు వాటిని ప్రక్కన పెట్టించి, మొదటి కాలమున నాలుగు అడుగులు మాత్రము వేయుమనెను.