నాలుగు గుమ్మాలు

నరసాపురం

జ్యోతీ,

అంతర్జాతీయ చట్టం పాఠం కొరుకుడు పడటం లేదని రాశావు. పుస్తకం కాసేపు పక్కన పెట్టి మన వలందర రేవు దగ్గర మొదలుపెడదాం.

అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వెళ్లాలంటే ఏరు దాటించే పంటు టిక్కెట్టు చాలు. నువ్వెవరు, ఎన్నాళ్లుంటావు అని ఎవరూ అడగరు. ఈ రేవుకి పేరిచ్చిన వలందులు, అదే డచ్చివాళ్లు, మన తీరంలో వ్యాపారానికి గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎవరి నేల మీద వాళ్లదే మాట. మీ పుస్తకంలో దాని పేరు సార్వభౌమాధికారం. ఆనాటి ఫర్మానాకి మునిమనవరాలే ఈనాటి వీసా.

మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరో ఆడవాళ్లు లేసు సూది పక్కన పెట్టి, కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్లారు. వాళ్లు నా దగ్గరికి తెచ్చిన కాగితాలు చూసీ చూసీ నాకు తెలిసిందేంటంటే, వలస చట్టానికి నాలుగు గుమ్మాలు. ఒక్కో తాళం ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది.

మొదటిది బయల్దేరడం. ఇది హక్కు. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ఏ దేశాన్నయినా విడిచి వెళ్లే హక్కూ, సొంత దేశానికి తిరిగొచ్చే హక్కూ చెప్పింది. పని కోసం పరాయి దేశంలో అడుగుపెట్టే హక్కు మాత్రం చెప్పలేదు. విదేశీ ప్రయాణం మన రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని మన సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులోనూ, 1978లో మేనకా గాంధీ కేసులోనూ తేల్చింది. అయినా పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు 'ఈసీఆర్' రకం. గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 వలసల చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. దొంగ ఏజెంట్లు విజిట్ వీసా మీద విమానం ఎక్కించేది ఈ తనిఖీ తప్పించడానికే.

రెండోది అడుగుపెట్టడం. ఇది అనుమతి, ఇచ్చేది ఆ దేశంవాళ్లు. కువైట్‌లో ఇంటిపని వీసా 20వ నంబరు. మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. ప్రైవేటు కంపెనీలకి 18. ఈ అంకె చూసుకోకపోతే, షాపులో పనని చెప్పి పంపిన మనిషి ఎవరి వంటింట్లోనో తేలుతుంది.

మూడోది ఉండడం. ఇది షరతు. అకామా అంటే నివాస అనుమతి. అది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పేరుకి కట్టేసి ఉంటుంది. ఆ కట్టుకే కఫాలా అని పేరు. పనికి వెళ్లినావిడ కఫీల్ ఇల్లు విడిచి వెళ్లిపోతే మనవాళ్లు 'ఖల్లివల్లి' అయిపోయిందంటారు. కఫీల్ ఫిర్యాదులో ఆమె పరారీ. ఆమెనడిగితే జీతం ఎగ్గొట్టిన ఇంటినుంచి బయటపడ్డ మనిషి. 2015లో కువైట్ తెచ్చిన 68వ చట్టం ప్రకారం రోజుకి 12 గంటలు దాటి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఆ చట్టం ఉందని తెలిసినావిడ ఒక్కరూ లేరమ్మా.

నాలుగోది తిరిగి రావడం. మళ్లీ హక్కే, కానీ చేతిలో కాగితం ఉండాలి. పాస్‌పోర్టు పోతే మన ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్ల భాషలో అవుట్‌పాసు. గడువు మీరి ఉన్నందుకు పడే జరిమానాలు అక్కడి సర్కారు వదులుకోవాలి. 2018లోనూ, 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించి అలాగే వదులుకుంది. జైల్లో పడితే మన కాన్సులేటుకి కబురు పెట్టమని అడగొచ్చు. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఆ హక్కిచ్చింది.

అలా అవుట్‌పాసు మీద వచ్చిన ఒకావిడతో నేనోసారి పంటు ఎక్కాను. టిక్కెట్టు కొట్టే కుర్రాడు చెయ్యి చాపగానే, ఆవిడ గబగబా సంచిలోంచి అవుట్‌పాసు జెరాక్సు తీసి వాడి చేతిలో పెట్టింది.

నీ
తాతయ్య