లాడ్జి గదిలో నల్లులు

ప్రశ్న: సున్నం బేరాల కోసం నెలకు రెండుసార్లు పిడుగురాళ్ల వచ్చి లాడ్జిలో దిగుతాను. పోయినసారి తెల్లారేసరికి చేతిమీద వరసగా దద్దుర్లు. గది శుభ్రమైనదో కాదో ముందే ఎలా తెలుస్తుందండీ?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: వరసగా లేచాయంటే నల్లులు కుట్టి ఉండొచ్చు. కిటికీ గట్టుమీద తెల్లటి పొడి చూసి గదిని తప్పుపట్టకండి. సున్నం బట్టీల ఊళ్లో తుడిచిన కాసేపటికే అది మళ్లీ పేరుకుంటుంది. చూడాల్సింది పరుపు. సంచీ మంచంమీద పెట్టకముందే తలవైపు దుప్పటి మూల ఎత్తి, పరుపు కుట్టు వెంట సెల్‌ఫోన్ లైటు వేయండి. పెన్ను చుక్కల్లాంటి నల్లమచ్చలు, తేనెరంగు పొట్టు కనిపిస్తే గది మార్చమనండి. పక్క గది మాత్రం వద్దు, గోడ పగుళ్లలోంచి, స్విచ్‌బోర్డుల వెనకనుంచి ఇవి దాటేస్తాయి. మొహమాటపడకండి, డబ్బిచ్చి దిగుతున్నారు.

నల్లులు జబ్బులు అంటిస్తాయనడానికి రుజువుల్లేవు. నా భయమల్లా అవి మీ సంచీలో ఇంటికి చేరతాయనే. తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. ఇంటికెళ్లగానే సంచీ గుమ్మం బయటే విప్పి, బట్టలన్నీ 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికించండి. దద్దుర్లు గోకకుండా చన్నీళ్ల గుడ్డ వేయండి. చీము పడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.