తునకల నుండి వరుసకు: ప్రోటీను అణువును చదివే విధానం

1922వ సంవత్సరంలో టొరంటో నగరంలో ఒక మధుమేహ రోగికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తరువాత దాదాపు 30 సంవత్సరాలు వైద్యులు దానిని వాడుతూనే ఉన్నారు. అది ప్రోటీను అనీ, ఆమినో ఆమ్లాలతో ఏర్పడినదనీ తెలుసు. కాని ఆ ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నవో ఎవరికీ తెలియదు. అసలు ప్రోటీన్లకు నిశ్చితమైన వరుస అంటూ ఉన్నదా అని సందేహించిన శాస్త్రజ్ఞులు కూడా లేకపోలేదు.

ఈ సందేహాన్ని తీర్చినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ సాంగర్. ఆయన ఆవు ఇన్సులిన్‌ను తీసుకొని, గొలుసు మొదటనున్న ఆమినో ఆమ్లానికి పసుపు రంగునిచ్చే ఒక రసాయనాన్ని అంటించాడు. పిమ్మట ఆమ్లాలతోను, ఎంజైములతోను గొలుసును తునకలు చేశాడు. తడిసిన అద్దుడు కాగితం మీద సిరాచుక్క వేర్వేరు రంగులుగా విడిపోవడం మనమెరిగినదే. అదే సూత్రంపై, కాగితం మీద ద్రావణిని ప్రాకించి తునకలను వేరుచేసి, ఒక్కొక్కదానిలో ఏయే ఆమ్లాలున్నవో గుర్తించాడు.

అయితే తునకలు దొరికినంత మాత్రాన వరుస దొరకదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వాక్యాన్ని కత్తిరించగా మూడు తునకలు వచ్చినవనుకొందాం: “చెరువు గట్టున”, “మర్రిచెట్టు నీడన”, “పిల్లల ఆట”. వీటిలో ఏది ముందో చెప్పలేము. అదే వాక్యపు మరొక ప్రతిని వేరొకచోట కత్తిరించినప్పుడు “గట్టున మర్రిచెట్టు”, “నీడన పిల్లల” అనే తునకలు వస్తే, “చెరువు గట్టున మర్రిచెట్టు నీడన పిల్లల ఆట” అని నిస్సంశయంగా చెప్పవచ్చును. ప్రోటీన్ల విషయంలోను అంతే. ట్రిప్సిన్ అనే ఎంజైము లైసీన్, ఆర్జినీన్‌ల తరువాత గొలుసును తెంచుతుంది. కైమోట్రిప్సిన్ ముఖ్యంగా టైరోసీన్, ఫినైల్ అలనీన్ వంటి వాటి తరువాత తెంచుతుంది. రెండు రకాల తునకలను ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే వరుస బయటపడుతుంది.

ఈ విధంగా 30 ఆమ్లాల గొలుసు వరుస 1951లోను, 21 ఆమ్లాల గొలుసు వరుస 1953లోను వెల్లడైనవి. ఆ రెండింటిని కలిపే గంధకపు బంధాల స్థానాలు 1955లో తేలినవి. 1958లో సాంగర్‌కు నోబెల్ బహుమానం లభించినది.

51 ఆమ్లాలకే ఇన్ని సంవత్సరాలు పట్టగా, వందల ఆమ్లాలున్న ప్రోటీన్ల మాటేమిటి? 1962లో అమెరికాలో మార్గరెట్ డేహాఫ్, రాబర్ట్ లెడ్లీ అనేవారు తునకలను సరిపోల్చి వరుసను కూర్చే ప్రోగ్రామును కంప్యూటరుకు వ్రాశారు. మనిషి కాగితంపై చేసే పేర్పునే యంత్రం అలసట లేకుండా చేసినది. 1965లో డేహాఫ్ బృందం అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరుసలను ఒక గ్రంథంగా వెలువరించినది.

వరుస తెలిసిన తరువాత ఆకారం తెలియాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ 1963లో ఒక చక్కని వాదం చేశారు. ప్రతి ఆమినో ఆమ్లం వద్ద గొలుసు రెండు కోణాలలో తిరుగగలదు. కాని రెండు పరమాణువులు ఒకే చోట ఇమడలేవు గనుక కొన్ని కోణాలే సాధ్యం. వారు లెక్కించి గీసిన ఆ పటం నేటికీ కొత్త నిర్మాణాలను పరీక్షించే గీటురాయి.

2020లో ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము వరుసను బట్టి అనేక ప్రోటీన్ల ఆకారాన్ని ఆశ్చర్యకరమైన కచ్చితత్వంతో ఊహించినది. 2024లో దాని నిర్మాతలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ నోబెల్ బహుమానం పంచుకున్నారు. ఇక ప్రయోగశాలతో పనేమున్నది అని కొందరు విద్యార్థులు అడుగుతున్నారు. ఆ ప్రోగ్రాము దేనిని చూసి నేర్చుకున్నది? 1971లో ఆరంభమైన ప్రోటీన్ డేటా బ్యాంకులో శాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు స్ఫటికాలు పెంచి, ఎక్స్‌కిరణాలతో పరీక్షించి జమచేసిన నిర్మాణాలను చూసి. ఆ శ్రమ లేకపోతే ఈ లెక్క లేదు.

మన ఉదాహరణకే మరల వద్దాం. “గట్టున మర్రిచెట్టు” అని కనబడినచోట ఎవరైనా “గట్టున పిల్లల” అనీ, “నీడన పిల్లల” అని కనబడినచోట “నీడన చెరువు” అనీ వ్రాసుకొన్నారనుకోండి. అప్పుడు యంత్రం “మర్రిచెట్టు నీడన చెరువు గట్టున పిల్లల ఆట” అని కూర్చి ఇస్తుంది. వాక్యం బాగానే ఉన్నది. కాని అది అబద్ధం. యంత్రానికి ఇచ్చినదే తెలుసు, చూసినది తెలియదు. అందుచేత ప్రాక్టికల్ రికార్డులో పక్కవాని రీడింగు ఎత్తి వ్రాయడం, రావలసిన విలువను ముందే చూసుకొని దానికి సరిపడే అంకెలు వేయడం చిన్న తప్పులు కావు. సరిపడని రీడింగును సరిపడనట్లే వ్రాసి, మరల కొలిచి చూసే విద్యార్థియే శాస్త్రానికి కావలసినవాడు. లెక్క ఎంత గొప్పదైనా, దాని మొదటి అంకె ఎవరో ఒకరు నిజాయితీగా కొలిచినదై ఉండాలి.